కరెంటు కంచె.. కాపలాకా? కాటికా?

ఝట్కా యంత్రం ఎంపికలో, అమరికలో పొరపాట్లతో రైతు మళ్లీ మృత్యుతీగ వైపు

ధర్మపురి: మక్క కంకి పాలు పోసుకునే వేళకు గోదావరి తీర గ్రామాల్లో రైతు కంటి మీద కునుకు ఉండదు. చీకటి పడిందంటే అడవి పందులు గుంపులుగా చేనులో దిగుతాయి. అవి తినేది కొంతే అయినా తొక్కి పాడుచేసేది అంతకు రెట్టింపు. మంచె మీద కాపలా, డబ్బాల చప్పుడు, చేను చుట్టూ పాత చీరలు అన్నీ అయిన తరువాత కొందరి చూపు బోరు మోటారు స్టార్టరు వైపు మళ్లుతోంది. అక్కడి నుంచి ఒక తీగ లాగి గట్టు చుట్టూ కడితే పైసా ఖర్చు లేకుండా కాపలా అయిపోతుందన్నది వారి లెక్క. అయితే ఆ తీగకు పంది, పాడి బర్రె, పక్క చేను రైతు అన్న భేదం తెలియదు. పొద్దున్నే తీగ సంగతి మరిచి గట్టెక్కిన ఇంటి మనిషిని సైతం అది వదలదు.

ఈ ముప్పునకు విరుగుడు కొత్తదేమీ కాదు. రైతులు ‘ఝట్కా మిషన్’ అని పిలుచుకునే ఎనర్జైజర్‌తో నడిచే సౌర కంచె చాలా ఊళ్లకు ఇప్పటికే తెలుసు. మందను లోపల ఉంచడానికైనా, అడవి పందిని బయట ఉంచడానికైనా పనికొచ్చేది ఇదే యంత్రం. చిక్కల్లా మరొకచోట ఉంది. కొనేటప్పుడు సామర్థ్యం చూడక, బిగించేటప్పుడు ఎర్తింగ్ పట్టించుకోక, కలుపు కోయక కంచెను పాడుచేసుకున్న రైతు ‘ఇది పనిచేయదు’ అన్న నిర్ణయానికి వస్తున్నాడు. ఆ తరువాత అతని చేయి మళ్లీ స్టార్టరు డబ్బా మీదికే వెళుతోంది. యంత్రం సరిగా అమరకపోతే పోయేది పంట ఒక్కటే కాదు.

అడవి అంచున సేద్యం

ధర్మపురి, బీర్పూర్, సారంగాపూర్ మండలాల్లో సేద్యం అడవిని ఆనుకొని సాగుతుంది. గోదావరికి ఆవలి ఒడ్డున మంచిర్యాల జిల్లా అడవులు, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఉన్నాయి. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో పసుపులో అంతరపంటగా మక్క వేసే ఆనవాయితీ ఉంది. మక్క కోసం వచ్చిన పంది పసుపు బోదెలను కూడా తవ్విపోస్తుంది. సిరిసిల్ల వైపు కోనరావుపేట, చందుర్తి, రుద్రంగి మండలాల రైతులదీ ఇదే గోస.

పట్టణం నుంచి అడవి దాకా ఈ తీగల బెడద ఎంత విస్తరించిందో ఇటీవలి ఘటనలే చెబుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవుల్లో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు వన్యప్రాణుల కోసం అమర్చిన విద్యుత్తు తీగ తగిలి మరణించారు. 2025 మే నెలలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అటవీ ప్రాంతంలో ఒక పులి ఇదే తరహా తీగకు బలైంది. వేటగాడు పెట్టిన తీగకు, రైతు పెట్టిన తీగకు ఉద్దేశంలో తేడా ఉండవచ్చు గానీ తగిలిన ప్రాణికి ఆ తేడా ఉండదు.

రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు సరఫరా మొదలైంది. విడతలవారీ కరెంటు కోసం రాత్రంతా ఎదురుచూసే బాధ రైతుకు తప్పింది. దీనికి మరో పార్శ్వమూ ఉంది. పూర్వం కోతల వేళల్లోనైనా నిర్జీవంగా పడి ఉండే అక్రమ తీగ, ఇప్పుడు ఎప్పుడు తాకినా ప్రాణాంతకమే.

చట్టం ఏమంటోంది?

నేరుగా లైను నుంచి కంచెకు కరెంటు ఇవ్వడం విద్యుత్ చట్టం-2003లోని 135వ సెక్షన్ కింద చౌర్యం. మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. మనిషి మరణిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణహాని కలిగిస్తే ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. ప్రాణం పోతుందని తెలిసే తీగ పెట్టారని తేలితే అంతకంటే తీవ్రమైన 105వ సెక్షన్ ముందుకు వస్తుంది.

అడవి పంది కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 రక్షణలో ఉన్న జంతువే. పంటకు ముప్పు తెచ్చే జంతువును చంపేందుకు ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి పొందే వీలుంది. అనుమతి లేకుండా కరెంటు పెట్టి చంపడం మాత్రం వేట కిందికే వస్తుంది.

వోల్టేజి కాదు.. వ్యవధే కీలకం

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఝట్కా కంచెలో 5 వేల నుంచి 9 వేల వోల్టులు ఉంటాయి. అలాంటప్పుడు మొదటిది చంపడమేమిటి, రెండోది చంపకపోవడమేమిటి అన్న సందేహం సహజం.

మనిషి శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే 230 వోల్టుల తీగ తాకినప్పుడు 230 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. తడి పొలంలో వట్టి కాళ్లతో నిలబడితే ఇంకా ఎక్కువ. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకొని పట్టిన తీగను వదలలేని స్థితి వస్తుంది. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు సెకను పాటు ఛాతీ గుండా పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంటి కరెంటు ఎడతెగకుండా పారుతుంది కనుక బాధితుడికి తప్పించుకునే అవకాశం చిక్కదు.

ఎనర్జైజర్ పనితీరు వేరు. బ్యాటరీ నుంచి తీసుకున్న శక్తిని ఒక కెపాసిటరులో నింపి, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ఒక్క క్షణంలో తీగలోకి వదులుతుంది. తరువాత ఆగి మళ్లీ నింపుకుంటుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60335-2-76 దీనికి హద్దులు గీసింది. ఒక్కో ఝట్కా సెకనులో వందో వంతుకు మించి ఉండరాదు. రెండు ఝట్కాల మధ్య కనీసం ఒక సెకను విరామం ఉండాలి. 500 ఓముల భారం మీద వెలువడే శక్తి 5 జౌళ్లు దాటరాదు. భారత ప్రమాణాల్లోనూ ఐఎస్ 302 కింద ఈ యంత్రాలకు ప్రత్యేక భాగం ఉంది. దెబ్బ చురుక్కున తగులుతుంది, కండరం బిగుసుకునేలోపే ఆగిపోతుంది. ఆ ఒక్క సెకను విరామమే తీగను వదిలి వెనక్కి తగ్గే అవకాశమిస్తుంది.

‘స్టార్టరు తీగకు మధ్యలో ఒక బల్బు కలిపితే ప్రమాదం ఉండదు’ అన్న అపోహ కొన్నిచోట్ల ప్రచారంలో ఉంది. ఇది పూర్తిగా తప్పు. 100 వాట్ల బల్బు వెలిగేందుకు తీసుకునే కరెంటే సుమారు 430 మిల్లీ ఆంపియర్లు. దాని గుండా మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కరెంటు నిరాటంకంగా పారుతుంది.

జౌళ్లు చూసి కొనాలి

అంగట్లో యంత్రాన్ని ఎకరాల లెక్కన, కిలోమీటర్ల లెక్కన అమ్ముతుంటారు. పెట్టె మీద రాసిన కిలోమీటర్లు ఒకే తీగకు, గడ్డి తగలని ఆదర్శ పరిస్థితికి చెందినవి. రైతు అడగవలసింది ‘విడుదలయ్యే శక్తి ఎన్ని జౌళ్లు?’ అని. కొన్ని పెట్టెల మీద నిల్వ ఉండే శక్తిని పెద్ద అక్షరాలతో వేస్తారు. విడుదలయ్యేది ఎప్పుడూ అంతకంటే తక్కువే.

ఐదెకరాల చేను చతురస్రంగా ఉందనుకుంటే చుట్టుకొలత దాదాపు 570 మీటర్లు. నాలుగు వరుసల తీగ కడితే 2.3 కిలోమీటర్లు అవుతుంది. కిలోమీటరు తీగకు ఒక జౌలు అన్న వాడుక లెక్కన 2 నుంచి 3 జౌళ్లు విడుదల చేసే యంత్రం కావాలి. వానాకాలంలో గడ్డి తీగను తాకి కొంత శక్తిని నేలలోకి లాగేస్తుంది కనుక 3 జౌళ్లదే మేలు. అర జౌలు యంత్రం తెచ్చి ఐదెకరాలకు కడితే మొదటి వానకే చతికిలపడుతుంది.

బ్యాటరీ, సౌర ఫలకం లెక్క కూడా ఇంతే ముఖ్యం. గంటకు అర ఆంపియరు తీసుకునే యంత్రం రేయింబవళ్లు నడిస్తే రోజుకు 12 ఆంపియర్-గంటలు ఖర్చవుతుంది. ముసురు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే 36 కావాలి. బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి 70 ఆంపియర్-గంటలది ఉండాలి. రాత్రిపూట మాత్రమే నడిపేవారికి అందులో సగం చాలు. మబ్బు రోజులను దృష్టిలో ఉంచుకుంటే రేయింబవళ్లు నడిచే ఈ యంత్రానికి 60 నుంచి 75 వాట్ల ఫలకం అవసరమవుతుంది. చార్జి కంట్రోలరు తప్పనిసరి.

తయారీదారు పేరు, ప్రమాణం గుర్తు, జౌళ్ల వివరం లేని యంత్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనరాదు. లోపలి భాగాలు చెడి ఝట్కాకు బదులు నిరంతర కరెంటు తీగలోకి పారితే అది స్టార్టరు తీగతో సమానం. మెయిన్స్‌తో నడిచే యంత్రాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఎర్తింగ్ లేనిదే ఝట్కా లేదు

పనిచేయని కంచెల్లో మొదట చూడవలసింది ఎర్తింగ్. ఝట్కా తీగ నుంచి జంతువు శరీరంలోకి, అక్కడి నుంచి నేలలోకి, నేల గుండా ఎర్తు కడ్డీ ద్వారా యంత్రానికి తిరిగి చేరాలి. ఈ చుట్టు పూర్తి కాకపోతే పందికి దెబ్బ తగలదు. అడుగు పొడవున్న ఇనుప చువ్వను నేలలో గుచ్చి వదిలేస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా వృథా.

మామూలు కంచెకు రెండేసి మీటర్ల పొడవున్న జీఐ కడ్డీలు మూడు, మూడేసి మీటర్ల ఎడంతో పూర్తిగా నేలలోకి దించాలి. మూడింటినీ జీఐ తీగతోనే బిగించి కలపాలి. జీఐకి రాగి తీగ చుడితే కొద్దికాలానికే తుప్పు పడుతుంది. కడ్డీలను కాలువ పక్కనో, నీరు పారే బోదె పక్కనో తేమ ఉండేచోట పాతాలి. గోదావరి ఒడ్డు నేలల్లో, కాకతీయ కాలువ కింది మాగాణిలో ఇది కష్టం కాదు. చలక నేలల్లో, గుట్ట బోళ్లలో మాత్రం యాసంగి చివరికి నేల ఎండి కరెంటును మోయదు. అటువంటిచోట ఒక తీగకు ఝట్కా, దాని పక్క తీగకు ఎర్తు ఇచ్చి వరుస మార్చి కట్టాలి. రెండు తీగల మధ్య మూతి పెట్టిన జంతువుకు నేల ఎండినా దెబ్బ తప్పదు.

ప్రమాణం విధించిన మరో నియమాన్ని ఏమాత్రం విస్మరించరాదు. కంచె ఎర్తు కడ్డీలకూ, మోటారు స్టార్టరు లేదా ట్రాన్స్‌ఫార్మరు ఎర్తుకూ మధ్య కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఎర్తు తీగను బోరు పైపునకు కట్టడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

మూతి ఎత్తుకు తీగ

జంతువు కంచెను ముందుగా ముట్టేది తడి మూతితో. తీగ ఎత్తు దానినిబట్టి ఉండాలి. అడవి పందికి కింది తీగ నేల నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్లలో, రెండోది 40 నుంచి 45 సెంటీమీటర్లలో, మూడోది 75 సెంటీమీటర్ల వద్ద ఉండాలి. కింది తీగ అడుగు దాటితే పంది దూరిపోతుంది. ఆవులు, బర్రెలకు 60, 90 సెంటీమీటర్ల వద్ద రెండు వరుసలు సాధారణంగా సరిపోతాయి.

గొర్రెల విషయం వేరు. ఉన్ని పెరిగే దక్కనీ గొర్రెకు ఒంటి మీద ఝట్కా అంతగా తెలియదు. ఉన్ని లేని నెల్లూరు జాతికి వెంటనే తెలుస్తుంది. ఏదైనా మూతికి తగిలేలా కింది వరుసలు దగ్గరగా ఉండాలి. కొత్త మందను ఒకేసారి కంచెలోకి తోలకుండా, చిన్న దొడ్డిలో ఒకటి రెండు రోజులు తీగను అలవాటు చేయాలి. ఒకసారి దెబ్బ తెలిసిన పశువు తరువాత దూరంగానే మేస్తుంది. ఈ కంచె బలంతో ఆపదు, భయంతో ఆపుతుంది. 1930వ దశకంలో న్యూజిలాండ్‌కు చెందిన బిల్ గల్లాఘర్ తన కారుకు గుర్రం ఒళ్లు రాచుకోకుండా చేసిన ఏర్పాటు వెనుక సూత్రం కూడా ఇదే. నేడు ప్రపంచమంతటా వాడుతున్న ఎనర్జైజర్ల తొలి రూపాల్లో అదొకటి.

ముళ్ల తీగకు ఝట్కా కరెంటు ఇవ్వడాన్ని ప్రమాణం నిషేధించింది. ముళ్లకు చిక్కుకున్న మనిషి, పశువు విడిపించుకోలేక దెబ్బ మీద దెబ్బ తింటారు. నున్నని జీఐ తీగనే వాడాలి. సిమెంటు కడీలకు, ఇనుప గుంజలకు ఎండను తట్టుకునే ఇన్సులేటర్లు పెట్టాలి. సీసా మూతులు, పాత పైపు ముక్కలు ఒక ఎండాకాలానికే పగులుతాయి. గేటు కింద నేలలో వేసే తీగ ఇంటి వైరింగు తీగ కారాదు. అది తట్టుకునేది 1,100 వోల్టులే కనుక మట్టిలో కరెంటు కారిపోతుంది. వేల వోల్టులను తట్టుకునే కంచె కేబులు వేరుగా దొరుకుతుంది.

వారానికోసారి పరీక్ష

కంచె కట్టిన నాడు చూసి సంతృప్తి పడితే చాలదు. కంచె కోసం తయారైన వోల్టుమీటరుతో వారానికోసారి, యంత్రానికి దూరంగా ఉన్న కొసన కొలవాలి. పందులకు, గొర్రెలకు 4 వేల వోల్టులు, ఆవులు, బర్రెలకు 3 వేల వోల్టులు తగ్గకూడదు. ఇంటి కరెంటు చూసే స్క్రూడ్రైవరు టెస్టరుతో ఈ తీగను ముట్టరాదు.

ఎర్తింగ్ పరీక్షకు సులువైన పద్ధతి ఉంది. యంత్రం ఆపి, దానికి వంద మీటర్ల దూరంలో తీగ మీదికి రెండు మూడు ఇనుప చువ్వలు వాల్చాలి. మళ్లీ నడిపినప్పుడు కంచె వోల్టేజి 2 వేల కిందికి పడాలి. అప్పుడు ఎర్తు కడ్డీ వద్ద 200 నుంచి 300 వోల్టులకు మించి చూపిస్తే మరిన్ని కడ్డీలు దించాలి. తీగ కింద గడ్డిని కోస్తూ ఉండాలి. ఉరుములు మెరుపుల వేళ యంత్రాన్ని తీగ నుంచి విడదీయడం మేలు.

బాటల పక్కన కంచె పొడవునా పసుపు రంగు హెచ్చరిక పలకలు తెలుగులో రాసి కట్టాలి. ఒకే కంచెకు రెండు యంత్రాలు కలపరాదు. 11 కేవీ లైన్ల కింద కంచెను వీలైనంతవరకు తప్పించాలి, తప్పని పక్షంలో లైనుకు అడ్డంగా మాత్రమే దాటించాలి. విద్యుత్తు స్తంభాలకు కంచె తీగ కట్టరాదు. చిన్నపిల్లలను, గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారిని కంచెకు దూరంగా ఉంచాలి.

ఒంటరిగా భారం.. ఉమ్మడిగా తేలిక

ఇంత చేయడానికి చిన్న రైతుకు తాహతు ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఎకరం చేనుకు చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. పదెకరాలను కలిపి ఒకే కంచె వేస్తే మొత్తం 805 మీటర్లు, అంటే ఎకరానికి 80 మీటర్లే. ఇరవై ఎకరాలైతే ఎకరానికి 57 మీటర్లకు దిగుతుంది. యంత్రం, బ్యాటరీ, ఫలకం ఒక్కటే సరిపోతాయి. గడ్డి కోత, వోల్టేజి పరీక్ష వంతులవారీగా పంచుకోవచ్చు. అన్నిటికీ మించి పక్క చేను రైతుకు తీగ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

ఈ లెక్కను గ్రహించిన హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం సౌర కంచె పథకంలో ఒంటరి రైతుకు 80 శాతం, ముగ్గురు అంతకు మించి కలిసి వస్తే 85 శాతం రాయితీ ప్రకటించింది. ఉమ్మడి కంచెను ప్రోత్సహించే ఆ పద్ధతి అడవి అంచు మండలాలకు అనుసరణీయం. యంత్రం ఇచ్చి చేతులు దులుపుకోకుండా ఎర్తింగ్, వోల్టేజి తనిఖీని కూడా పథకంలో భాగం చేయాలి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో ఒక నమూనా కంచె కట్టి రైతులకు చూపితే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

సహకార పద్ధతి ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1970లో సిరిసిల్లలో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం ‘సెస్’ దేశంలో తొలి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. ఊరూరికీ కరెంటును కలిసి తెచ్చుకున్న రైతులు అదే కరెంటు బారి నుంచి ప్రాణాలను కాపాడుకునేందుకు కలిసి రాలేరా అన్నది ఆలోచించవలసిన విషయం.

గట్టు మీద అనుమానాస్పద తీగ కనిపిస్తే చేత్తో, కర్రతో కదిలించే ప్రయత్నం చేయరాదు. దూరంగా ఉండి లైన్‌మన్‌కు లేదా విద్యుత్తు సంస్థ 1912 నంబరుకు తెలపాలి. పంట పోతే వచ్చే యాసంగికి మళ్లీ వేసుకోవచ్చు. పోయిన మనిషిని ఏ చట్టమూ, ఏ పరిహారమూ తెచ్చివ్వలేవు. స్టార్టరు తీగ విప్పి, సరైన యంత్రం సరిగా బిగించే పని ఈ సీజను కంకి పట్టకముందే జరగాలి.